ముసాఫిర్ పేరిట తవ్విన ఖబర్

జలీల్ దయ్యం సినిమాలు చూసి నవ్వేవాడు. మేడ్చల్ టాకీసులో హాలంతా కెవ్వుమన్న చోట బెంచీ క్లాసులోంచి ఒక్క నవ్వు వినిపించిందంటే అది మావాడిదే. ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి తిట్టేవారు. ఓసారి గేటు మనిషి టార్చిలైటు వేసుకుని మా వరసలోకే వచ్చాడు.

"నవ్వుడు బంద్ జెయ్యి. లేకుంటె లేచి బయటికి నడువ్."

"నేనేం జెయ్యాలె అన్నా? గా చెయ్యి సూడు," అని జలీల్ తెర వైపు చూపించాడు. తెర మీద సమాధి బద్దలై, లోపలినుంచి గోళ్లు పెరిగిన చెయ్యి ఒకటి పైకి వస్తోంది. "మీద గంత మన్నున్నది. ఒట్టి చేత్తోని ఎట్లొస్తడు? నేను గడ్డపార వట్టి పొద్దుగాల మొదలువెడితె పగటీలికి, పన్నెండింటికి గని దిగది."

గేటు మనిషి టార్చి ఆర్పి తనూ నవ్వాడు. ఆ తర్వాత మమ్మల్ని చూసినప్పుడల్లా "వచ్చిండు ఇంజినీరు," అనేవాడు.

జలీల్ శామీర్‌పేట ఖబ్రస్తాన్‌లో గోర్కన్, అంటే సమాధులు తవ్వే మనిషి. వాళ్ల నాయినా అదే పని చేశాడు. చావులు లేని రోజుల్లో జలీల్ బావుల్లో పూడిక తీసేవాడు, ఇండ్లకు పునాదులు తవ్వేవాడు. నా పేరు సిద్దిరాములు. శామీర్‌పేట చౌరస్తాలో నాకు అద్దె సైకిళ్ల షాపు ఉండేది. మా ఇద్దరికి తోడు టెంట్‌హౌస్ పరమేష్. తొంభై మూడో తొంభై నాలుగో, అప్పటినుంచి ఆదివారం మ్యాట్నీకి ముగ్గురం రెండు సైకిళ్ల మీద మేడ్చల్ పోయేవాళ్లం. పాటలూ పెళ్లిళ్లూ ఉండే సినిమాలు మాకు వద్దు. దయ్యాలు, నరుక్కోవడాలు, లోకం నాశనమైపోయి ఇనుప మనుషులు మామూలు మనుషుల్ని వేటాడటం, తెలుగులోకి డబ్బింగ్ చేసిన ఇంగ్లీషు సినిమాలు, ఏది వచ్చినా వదిలేవాళ్లం కాదు. పరమేష్ భయపడి కాళ్లు బెంచీ మీదికి తీసుకునేవాడు. నేను భయపడనట్టు నటించేవాణ్ణి. జలీల్ తప్పులు పట్టేవాడు.

ఇంటికి వచ్చేదాకా అదే ముచ్చట. శవాన్ని పెట్టెలో పెట్టి పూడిస్తే మన్ను ఎట్లా కలుపుకుంటుంది, కొత్తగా పూడ్చిన సమాధి మీద గడ్డి ఎట్లా మొలిచింది, ఒక్క గంటలో ఒక్కడు ఎట్లా తవ్వాడు. లోకం అంతమయ్యే సినిమాలైతే వాడికి అసలు నచ్చేవి కావు, అయినా వచ్చేవాడు. "అందర్ని సంపెటోళ్లే గని మట్టిచ్చెటోడు ఒక్కడన్న ఉన్నడా గండ్ల? గందుకే గా లోకం ఆగమైంది," అనేవాడు. మేము పడీ పడీ నవ్వేవాళ్లం. ఇప్పుడు అనిపిస్తుంది, ఆ సినిమాలు తీసినవాళ్లకన్నా వాడికే ఎక్కువ తెలుసునని.

వాడి పనికి రెండు కట్టుబాట్లు ఉండేవి. రెండూ వాళ్ల నాయిన నేర్పినవి. ఎవరింట్లో చావైనా కబురు తెచ్చినవాణ్ణి ముందు పేరు అడిగేవాడు, తర్వాత ఎంత పొడుగో అడిగేవాడు. మొదటి పోటు వేసేటప్పుడు బిస్మిల్లా అని ఆ పేరు పలికేవాడు. ఎవరు వస్తున్నారో మన్నుకు ముందే చెప్పాలి, చెప్పకుండా తవ్వడమంటే దొంగతనంగా కన్నం వేసినట్టేనని వాళ్ల నాయిన మాట. రెండోది, తవ్విన ఖబర్‌ను, అంటే సమాధి గుంతను, ఉత్తిగా పూడ్చకూడదు. చచ్చిపోయినాయన చుట్టాలు మనసు మార్చుకుని శవాన్ని వేరే ఊరికి తీసుకుపోతే, తవ్వినవాడే అందులో దిగి కూర్చుని, ఎవరి పేరు మీద తవ్వాడో వాళ్లకోసం దువా చదివి, బయటికొచ్చి పూడ్చాలి. అట్లా జలీల్ కూర్చోవడం తొంభై ఆరులో ఒకసారి నేను కళ్లారా చూశాను.

ఇంకొక సంగతి నాకొక్కడికే తెలుసు. అది ఎట్లా తెలిసిందో చెప్పాలి.

ఒక ఆదివారం అట్లాంటి లోకం అంతమయ్యే సినిమాయే చూస్తున్నాం. తెర మీద లారీలు వచ్చి శవాల్ని పెద్ద గుంతలోకి కుమ్మరిస్తున్నాయి, బుల్డోజరు మన్ను తోస్తోంది. జలీల్ నవ్వలేదు. లేచి బయటికి పోయాడు. పరమేష్ తెర మీంచి చూపు తిప్పలేదు. నేను వెంట పోయాను. సోడాబండి దగ్గర నిలబడి ఉన్నాడు, సోడా చేతిలో ఉంది గాని తాగడం లేదు.

"మా జాహిద్ భాయ్ యాదికొచ్చిండు," అన్నాడు.

వాళ్ల అన్న జాహిద్ లారీ డ్రైవరు. ఎనభై తొమ్మిదిలో గౌహతికి లోడు వేసుకుని పోయి తిరిగి రాలేదని ఊరంతటికీ తెలుసు. నాలుగు నెలలకు క్లీనరు ఒక్కడే వచ్చి, దారిలో జ్వరమొచ్చి ఏదో దాబాలో చనిపోయాడని, అక్కడివాళ్లే మట్టిచ్చారని చెప్పాడు. అది ఏ ఊరో వాడికి కూడా సరిగా తెలియదు.

"ఎవడో తవ్విండు రా సిద్ది," అన్నాడు జలీల్. "పేరు తెల్వకనే తవ్వి ఉంటడు. ఎవ్వలదని అడగకుంటనే తవ్వి ఉంటడు. గందుకే నేను ముసాఫిర్ సచ్చిండని తెలిస్తె సాలు, లేచి పోత. పేరు తెల్వకుంటె జాహిద్ అని మొదటి పోటు ఏస్త. ఎవ్వలకి చెప్పకు. మా బషీరున్నీసాకు గూడ తెల్వది. ఇంటె ఏడుస్తది."

ముసాఫిర్ అంటే ఊరుగాని ఊరిలో చచ్చిపోయిన దారినపోయే మనిషి. మా ఊరి మీదుగా కరీంనగర్ రోడ్డు ఉండటం వల్ల ఏడాదికి ఒకరో ఇద్దరో అట్లా వచ్చేవారు. వాళ్లకోసం బషీరున్నీసా ఇంట్లో ఎప్పుడూ శవానికి చుట్టే కఫన్ గుడ్డ ఒకటి మడతపెట్టి ఉంచేది. ఎవ్వరికీ చెప్పనని జలీల్ చేతిలో చెయ్యి వేశాను. ఎనిమిదేళ్లు చెప్పలేదు కూడా.

రెండు వేల మూడు నాటికి శామీర్‌పేట చుట్టూ ఫాంహౌసులు లేచాయి. వాటిలో షూటింగులు. కుర్చీలకూ జనరేటర్లకూ పరమేష్ టెంట్‌హౌసుకే వచ్చేవారు. కుర్చీలు వేయడానికి పోయినవాడు మెల్లగా లోకల్ మేనేజరు అయి కూర్చున్నాడు. మెడలో ఒక కార్డు, చేతిలో సెల్‌ఫోను, నల్ల కళ్లద్దాలు. "మీరు సినిమాలు సూస్తరు, నేను తీస్తన్న," అనేవాడు. ఆ మాటకు మాకు ఒళ్లు మండేది గాని, లోపల గొప్పగా కూడా ఉండేది.

ఆ ఏడు వాడికి దొరికిన సినిమా మా ముగ్గురికీ ఇష్టమైన రకమే. లోకమంతా నాశనమయ్యాక మిగిలిన పదిమందిని చచ్చినవాళ్లు లేచి వెంటాడుతారట. నాశనమైన లోకం జవహర్‌నగర్ చెత్తకుప్పల దగ్గర తీశారు. అక్కడి కంపుకు హీరోయిన్ రెండుసార్లు కక్కుకుందని పరమేష్ నవ్వుతూ చెప్పాడు. ఇక సమాధి సీను మిగిలింది. జేసీబీతో గుంత తీయిస్తే, నీళ్ల ట్యాంకులా ఉంది, సమాధిలా లేదని డైరెక్టరు తిట్టాడట.

పరమేష్ నా షాపుకు వచ్చి జలీల్‌ను సూటిగానే అడిగాడు. "ఒక్క ఖబర్ తవ్వాలె రా. నీ చెయ్యి పడితె అంచులు గీత గీసినట్టుంటయి."

"ఎవ్వలకు?"

"ఎవ్వలకు గాదు. షూటింగ్‌కు."

"గట్లయితె నాతోని గాదు."

"సినిమా అంటె పానం ఇస్తవు గదరా!"

"సూసుడు యేరు, తవ్వుడు యేరు," అన్నాడు జలీల్. "పేరు లేకుంట నేను మన్ను ముట్ట." అంతటితో చాయ్ తాగి లేచిపోయాడు.

పరమేష్ పోలేదు. నేను పంక్చరు వేస్తుంటే ఎదురుగా కూర్చుని ఏడుపు మొహం పెట్టాడు. ఈ ఒక్క పని చేయకపోతే మేనేజరు ఉద్యోగం పోతుందట, టెంట్‌హౌసు మళ్లీ మొదటికొస్తుందట. వీణ్ణి ఎట్లా ఒప్పించాలి అని వందసార్లు అడిగాడు. నా చేతులకు గమ్ము, నెత్తి మీద ఎండ. విసుగొచ్చి అనేశాను.

"వాడు నీకోసం తవ్వడు, నాకోసం తవ్వడు. ముసాఫిర్ అంటె మాత్రం అడక్కుంట తవ్వుతడు. పేరు తెల్వకుంటె జాహిద్ పేరు మీదనే తవ్వుతడు."

అన్నాను. అంతే. వాడు ఏం చేస్తాడో నాకు తోచలేదని ఒట్టేసి చెప్పగలను, కాని ఆ ఒట్టుకు విలువ లేదు. చెప్పనని చెయ్యి వేసిన మాట పంక్చరు గమ్ముకన్నా తేలిగ్గా నా నోట్లోంచి జారిపోయింది.

నాలుగో రోజు పొద్దున తొమ్మిది గంటలు. జలీల్ నా షాపులోనే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పరమేష్ చెమటలు కక్కుతూ వచ్చాడు. మెడలో కార్డు లేదు, కళ్లద్దాలు లేవు.

"జలీల్ భాయ్, రోడ్డు మీద లారీ డ్రైవరు సచ్చిండు. ఎవ్వలు లేరు. జేబుల గిదొక్కటి దొరికింది." అరచెయ్యి విప్పాడు. నల్లదారంతో పాత తావీజ్ ఒకటి, మూత ఉన్న వెండి తాయెత్తు. "పగటీలికి తెస్తరు. ఇమాం సాబ్‌కు, ఖబ్రస్తాన్ సూసుకునే ముతవల్లికి చెప్పిన. గోడపక్క మూల తవ్వమన్నరు."

జలీల్ తావీజ్‌ను రెండు చేతులతో తీసుకుని కళ్లకు అద్దుకున్నాడు. "పేరు?"

"పేరు తెల్వది. జాహిద్ పేరు మీదనే తవ్వు."

జలీల్ తల ఎత్తాడు. పరమేష్ వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. ఇది అబద్ధమేమో అని ఒక్క క్షణం అనిపించింది. తావీజ్ చూసి ఆ అనుమానాన్ని మింగేశాను. ఎంత పొడుగని జలీల్ అడిగాడు, ఆరడుగులని పరమేష్ చెప్పాడు. జలీల్ గడ్డపార కోసం ఇంటికి నడిచాడు.

ఏప్రిల్ ఎండ. మా ఖబ్రస్తాన్ నేల మొరం, గడ్డపార పడితే నిప్పులు రేగుతాయి. నేను షాపు మూసి నీళ్ల బిందె తీసుకుని పోయాను. జలీల్ పడమటి ముఖంగా నిలబడి పెదవులు కదిపి మొదటి పోటు వేశాడు. నాకు ఆ పేరు వినిపించింది. నాలుగు గంటలు తవ్వాడు. అంచులు చేత్తో నిమిరి సరిచేశాడు. ఖబ్రస్తాన్ పక్కనే వాళ్ల ఇల్లు. బషీరున్నీసా గోడ మీంచి కఫన్ గుడ్డ నా చేతికిస్తూ, "వాళ్ల అమ్మకు తెల్వదు కావచ్చు అన్నా, కొడుకు పోయిండని," అని కళ్లొత్తుకుంది. ఇమాం సాబ్ వచ్చారు. పదకొండు మంది కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకుని, టోపీలు పెట్టుకుని వేపచెట్టు నీడన వరసగా నిలబడ్డారు, ఎవరో తెలియని మనిషికి నమాజు చదవడానికి.

ఒంటిగంటకు వ్యాను వచ్చింది. వెనక ఇంకో వ్యాను. దాని వెనక జనరేటరు.

దిగినవాళ్లు కుర్చీలు వేశారు. రేకు పలకలు ఎండకు అడ్డంగా నిలబెట్టారు. తెల్లచీర కట్టి, జుట్టు విరబోసుకున్న అమ్మాయి ఒకత్తె బిస్కెట్టు తింటూ దిగింది. నెత్తిమీద టోపీ ఉన్న డైరెక్టరు నేరుగా ఖబర్ దగ్గరికి వచ్చి లోపలికి తొంగిచూశాడు. ఆయన సర్కారు జిల్లాల మనిషి. "అద్భుతంగా తవ్వారండీ," అన్నాడు జలీల్‌తో. "కాస్త ఎండ అటువైపు నుంచి వస్తే బాగుండేది. పర్లేదు, నీలం ఫిల్టరు వేసి రాత్రిలా చూపిస్తాం." పాపం, ఆయనకేమీ తెలియదు. అందరూ ఒప్పుకున్నారనే పరమేష్ చెప్పాడు. వేపచెట్టు కింద వరస కట్టినవాళ్లను చూసి, ఈ మంది కూడా మన జూనియర్ ఆర్టిస్టులేనా అని అసిస్టెంటును అడిగాడు.

ఇమాం సాబ్‌కు అర్థమయ్యేసరికి నిమిషం పట్టింది. ఆయన అరవలేదు. "జలీల్ మియా, మాతోని వజూ చేయించింది గిందుకా?" అన్నారు. పదకొండు మందీ జలీల్ ముఖం చూడకుండా వెళ్లిపోయారు. జలీల్ పరమేష్ కోసం వెతికాడు. వాడు రెండో వ్యాను చాటున నిలబడి ఫోనులో మాట్లాడుతున్నట్టు నటిస్తున్నాడు. నేను పోయి కాలరు పట్టుకున్నాను. "ఎవ్వలకు నష్టం రా?" అన్నాడు. "ఒక్క మాట గదా. ఎవ్వడు సావలేదు, మంచిదే గదా!" వాడి మీద చెయ్యి ఎత్తాను. దించేశాను. ఆ మాట వాడికి ఇచ్చింది ఎవరు?

ఇటు తిరిగి చూస్తే జలీల్ ఖబర్‌లోకి దిగుతున్నాడు.

ఎందుకు దిగుతున్నాడో అక్కడ నాకొక్కడికే తెలుసు. తవ్విన ఖబర్‌ను ఉత్తిగా పూడ్చకూడదు. వాడు లోపల మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. గుప్పిట్లో తావీజ్ ఉంది. దాని మూత గోటితో లాగి చూశాడు. లోపల ఏమీ లేదు, రాత లేదు, కాగితం లేదు. కాసేపు దాన్ని చూసి, రెండు చేతులూ ఎత్తి, తల పైకెత్తి, జాహిద్ కోసం దువా మొదలుపెట్టాడు. గడ్డంలోకి కన్నీళ్లు కారుతున్నాయి. నేను ఇంకేమీ చూడలేదు, అందుకే వెనక కెమెరా తిరుగుతున్న చప్పుడు ఆలస్యంగా విన్నాను. కెమెరామన్ అంచున బోర్లా పడుకుని వాడి మొహం తీస్తున్నాడు. డైరెక్టరు ఎవరినీ మాట్లాడొద్దని వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. చూసి ఎంత మురిసిపోయాడో ఆ మనిషి.

దువా అయ్యాక జలీల్ పైకి వచ్చి పార అందుకున్నాడు. తమ సీను ఇంకా తీయలేదని వాళ్లు లబోదిబోమన్నారు. వాడికి ఏమీ వినిపించలేదు. పూడ్చేశాడు.

సినిమా మరుసటి ఏడు వచ్చింది. నేను ఒక్కణ్ణే మేడ్చల్ పోయి చూశాను. ఇంటర్వెల్ ముందు తెర నీలంగా మారింది. సమాధిలోంచి ఒక గడ్డపు మొహం చేతులెత్తి పైకి చూస్తుంది. కింద ఏదో గొంతు గుర్రుగుర్రుమని అరుస్తుంది. హాలంతా కెవ్వుమంది. వెనకనుంచి ఈలలు వేశారు. ఆ మొహాన్ని ముప్ఫై ఏళ్లుగా ఎరిగినవాణ్ణి, తల వంచుకుని బయటికొచ్చి సైకిలెక్కాను. రెండో రోజుకు శామీర్‌పేట బస్టాపు గోడ మీద కూడా అదే మొహం పడింది, ఆకుపచ్చ రంగు పూసి. బషీరున్నీసా బురఖాలోనే వచ్చి, బిందెడు నీళ్లు కొట్టి, ఆ పోస్టరును గోళ్లతో గీకింది. చూస్తున్నవాళ్లలో ఒక్కరం కూడా చెయ్యి వేయలేదు.

పరమేష్ స్వీటు డబ్బా పట్టుకుని ఇంటికి పోతే జలీల్ తలుపు తీసి, చూసి, మళ్లీ వేసుకున్నాడట. సినిమాలకు రావడం మానేశాడు. కొంపల్లిలో ఏసీ హాళ్లు వచ్చాక కూడా ఎన్నడూ రాలేదు. నా షాపుకు మాత్రం వచ్చేవాడు, రోజూ, అదే స్టూలు మీద. చాయ్ తాగేవాడు. ఒక్కోసారి నా మొహంలోకి చూస్తూ కూర్చునేవాడు. నేను చైనుకు నూనె వేసుకుంటూ తల దించుకునేవాణ్ణి. రేపు చెబుదామనుకునేవాణ్ణి. ఆ రేపు అట్లా అయిదేళ్లు సాగింది.

వాడి పనిలో ఒక మార్పు వచ్చింది. ఎవరు కబురు తెచ్చినా ఇప్పుడు ముందు అడిగేది పేరు కాదు. "శవం ఏడున్నది? సూపియ్యిండ్రి," అనేవాడు. ఇంటికి పోయి, గుడ్డ తొలగించి చూసి, అప్పుడు గడ్డపార పట్టేవాడు. తల్లి చచ్చిన కొడుకులు నొచ్చుకునేవారు. జలీల్‌కు ఏమైందని ఊళ్లో అనుకునేవారు. పోయిన తండ్రికి అబద్ధమెవడు ఆడతాడని ఒకాయన వాడి మొహం మీదే అడిగాడు.

రెండు వేల ఎనిమిది, మే నెల. పరమేష్‌ను సినిమావాళ్లు ఎప్పుడో వదిలేశారు, టెంట్‌హౌసూ పోయింది, హైవే మీద చిన్న చాయ్ హోటలు పెట్టుకున్నాడు. ఆ రోజు పొద్దున తొమ్మిది దాటాక నా షాపు ముందుకు వచ్చి నిలబడ్డాడు. జలీల్ స్టూలు మీదే ఉన్నాడు. అయిదేళ్లలో వాళ్లిద్దరూ అంత దగ్గరగా రావడం అదే మొదలు.

"భాయ్," అన్నాడు పరమేష్. "నిన్న నా హోటల్ కాడ లారీ క్లీనరు సచ్చిండు. ఆగిన లారీ కింద నీడకు పండుకున్నడు, డ్రైవరు సూసుకోక కదిలిచ్చిండు. పోలీసుల పని, దవఖాన పని అయిపోయింది. పగటీలికి తెస్తరు. ఇస్రార్ అంట పేరు. ఇరువై రెండేండ్లు. నా చేతుల మీద చాయ్ తాగిపోయిండు భాయ్. తవ్వు భాయ్."

జలీల్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "తావీజ్ తేలేదా?" అన్నాడు.

పరమేష్ రెండు చేతులూ జోడించాడు. "నా పిల్లల మీద ఒట్టు."

"తేండ్రి. సూసినంక తవ్వుత."

నేను అక్కడే ఉన్నాను. వాడు నిజమే చెబుతున్నాడని వాడి మొహం చూస్తే తెలుస్తోంది. "జలీల్, ఈసారి..." అని మొదలుపెట్టాను. జలీల్ నా వైపు తిరిగాడు. ఆ చూపుకు నేను మళ్లీ సైకిలు చైను మీదికి వంగాను.

పన్నెండింటికి బండి వచ్చింది. తెల్లగుడ్డ చుట్టిన శవాన్ని దించి బండి వెళ్లిపోయింది. జలీల్ దగ్గరికి పోయి ముఖం మీది గుడ్డ తొలగించాడు. సన్నని మీసం ఇంకా సరిగా రాని పిల్లవాడు. గుడ్డ కప్పి గడ్డపార కోసం పరుగెత్తాడు. యాభై మూడేళ్ల మనిషి, ఖబ్రస్తాన్‌లో పరుగెత్తడం నేనెన్నడూ చూడలేదు.

వేరే చోట తవ్వితే సాయంత్రమవుతుంది. గోడపక్క మూలన నేల అయిదేళ్ల కింద తవ్విందే, మెత్తగా ఉంది. అక్కడికే పోయాడు. "ఇస్రార్" అని మొదటి పోటు వేశాడు. అయినా మూడు గంటలు పట్టింది. వేపచెట్టు నీడ జరుగుతుంటే మేం శవాన్ని కూడా జరుపుతూ పోయాం. రెండింటి తర్వాత నీడ గోడ అవతలికి పోయింది. పరమేష్ ఉరికి పోయి ఇంట్లో మిగిలిన పాత షామియానా గుడ్డ తెచ్చాడు. నలుగురం నాలుగు కొసలు పట్టుకుని ఆ పిల్లవాడి మీద నీడ పట్టాం. ఎండ గుడ్డలోంచి కూడా దిగుతూనే ఉంది. ఇమాం సాబ్ ఒకటే మాట, "జల్దీ, జలీల్ మియా, జల్దీ." ఖబర్‌లోంచి మన్ను మాత్రం బయటికి పడుతోంది. లోపల వాడు ఏడుస్తున్న చప్పుడు మా అందరికీ వినిపిస్తోంది.

మట్టిచ్చి అందరూ వెళ్లిపోయాక ముగ్గురం మిగిలాం. పరమేష్ వాడి కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"నువ్వు నాకు అబద్ధం ఆడినవ్," అన్నాడు జలీల్. "గది నీకు నాకు నడుమ. గప్పుడే మాఫ్ జేసిన. ఇయ్యాల గీ పిలగాడు పగటి ఎండల పడి ఉన్నడు. వీన్ని పడేసింది నువ్వు గాదు, నేను. మా జాహిద్ సచ్చినప్పుడు గూడ గిట్లనే అడిగి ఉంటె? శవం సూపియ్యి అన్నడో ఏమో గా తవ్వినోడు. నన్ను గసొంటోన్ని జేసినవ్ రా పరమేష్."

పరమేష్ ఏడుస్తూ లేచి వెళ్లిపోయాడు. నేను తట్ట పట్టుకుని నిలబడి ఉన్నాను. ఇక ఆగలేకపోయాను.

"జలీల్, వానికి జాహిద్ పేరు చెప్పింది నేనే."

జలీల్ పార మన్ను దులుపుతున్నాడు. ఆపలేదు.

"ఎరుకనే," అన్నాడు. "గా ముచ్చట నీకొక్కనికే గద చెప్పిన. వాడు జాహిద్ అన్నప్పుడే ఎరుకైంది."

"ఎరుకై గూడ తవ్వినవా?"

"నిజంగ ముసాఫిర్ ఉండి ఉంటె?" అన్నాడు. తర్వాత నా చేతిలో తట్ట తీసుకున్నాడు. "ఎన్నడన్న ఒకనాడు నీ అంతల నువ్వే చెప్తవని అయిదేండ్లు వచ్చి నీ షాపుల కూసున్న సిద్ది."

పారా గడ్డపారా భుజాన వేసుకుని ఇంటివైపు పోయాడు. మరునాడు పొద్దున చాయ్ చెప్పి స్టూలు తుడిచి పెట్టాను. జలీల్ రాలేదు.